డ్రెడ్‌లాక్స్ వేయించుకునే ముందు జుట్టు ఆరడానికి పట్టే గంటలు లెక్కేసుకోండి

సంపాదకులకు,

పత్రికల ఫ్యాషన్ పేజీల్లో, జుట్టును పాయలు పాయలుగా తాళ్లలా ముడిపడేలా బిగించే డ్రెడ్‌లాక్స్ ఫొటోలు తరచూ కనిపిస్తున్నాయి. కోలముఖానికి ఏ రకం, గుండ్రటి ముఖానికి ఏ రకం అని పక్కన రాస్తుంటారు. ముఖం సంగతి తర్వాత చూసుకోవచ్చు. తలంటుకున్నాక ఆ జుట్టు ఎన్ని గంటలకు ఆరుతుంది, అన్ని గంటల ఖాళీ మీకు వారానికి ఒక రోజైనా దొరుకుతుందా? కేశాలంకరణ వృత్తిలో ఉన్నవాళ్లం ముందు అడిగేది అది.

ఈ జుట్టుకు ప్రపంచమంతా పేరొచ్చింది జమైకాలో 1930లలో పుట్టిన రాస్తఫారీ మతస్థుల వల్ల, ఆ తర్వాత అక్కడి గాయకుడు బాబ్ మార్లే వల్ల. నల్లజాతివారిలో చాలామంది ఇప్పుడు ‘డ్రెడ్’ అనే ముక్క వదిలేసి ‘లాక్స్’ అనే అంటారు. ఆ ముక్కకు భయం, జడుపు అనే అర్థం ఉండటమే కారణం. వాళ్ల జుట్టు స్ప్రింగులా చుట్టుకునే రకం. పాయ తీసి దువ్వెన మొనతో మెలితిప్పి వదిలేస్తే నెలల్లో తనంతట తానే ముడిపడుతుంది. మనలో ఎక్కువమందిది సాఫీ జుట్టు, లేదంటే అలల జుట్టు. మెలితిప్పినది మొదటి తలంటుకే విడిపోతుంది. అందుకని పాయను కుదురు వైపుకు ఎదురు దువ్వి చిక్కు చేసి, 0.5 లేదా 0.75 మిల్లీమీటర్ల క్రోషే సూదితో (మొనకు కొక్కెం ఉండే అల్లిక సూది) బయటి వెంట్రుకలను లోపలికి లాగి బిగించాలి. కనీసం 15 సెంటీమీటర్ల జుట్టు కావాలి. బిగించాక అందులో మూడోవంతు దాకా తగ్గినట్టు కనిపిస్తుంది. రెండున్నర, మూడు సెంటీమీటర్ల చదరపు గళ్లు తీస్తే తలకు 60 నుంచి 90 పాయలు వస్తాయి. గళ్లను గోడకు ఇటుకలు పేర్చినట్టు వరస మార్చి తీయాలి. లేదంటే పాయల మధ్య మాడు గీతలు గీసినట్టు బయటపడుతుంది.

ఇక లావు సంగతి. పెన్సిలంత లావు పాయలు ఫ్యాను కింద మూడు నాలుగు గంటల్లో ఆరతాయి. బొటనవేలంత లావువి పైకి పొడిగా తగిలినా లోపల తడి మర్నాటికి కూడా మిగలొచ్చు. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో అయితే ఇంకా ఆలస్యం. ఆ తడితోనే పడుకున్నా, ముడి వేసుకున్నా, హెల్మెట్ పెట్టుకున్నా పాయ నడుమ బూజు పడుతుంది. ముందు ముక్కిపోయిన బియ్యం వాసన వస్తుంది. తర్వాత కోసి చూస్తే లోపల నల్లగా, బూడిదరంగుగా ఉంటుంది. ఒకసారి నడిమికి చేరాక వెనిగర్ నీళ్లలో నానబెట్టినా పూర్తిగా పోదు, ఆ పాయను కత్తిరించక తప్పదు. ఆరిందో లేదో తెలియాలంటే అన్నిటికన్నా లావుగా ఉన్నచోట పొడిగుడ్డ చుట్టి గట్టిగా నొక్కండి. చల్లగా తగిలితే ఆరలేదు. రాత్రి పది దాటాక తప్ప తలంటుకోవడానికి తీరిక లేని ఉద్యోగులు లావు పాయల జోలికి పోవద్దు.

అలాగని మరీ సన్నవి అందరికీ కుదరవు. మైక్రోలాక్స్ అంటే తలకు 200 నుంచి 400 దాకా పాయలు. త్వరగా ఆరతాయి, పైకి దువ్వి కట్టుకుంటే ఆఫీసులో ఎవరి కంటా పడవు. కానీ కుదుళ్లు నెలకు ఒక సెంటీమీటరు పైగా పెరుగుతాయి. వాటిని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి బిగించాలంటే పూటంతా కుర్చీలో కూర్చోవాలి. పాయ చివరను కుదురు సందులోంచి దూర్చి బిగించేటప్పుడు ప్రతిసారీ ఒకే దిక్కునుంచి దూరిస్తే కుదురు రెండుగా చీలి కన్నం పడుతుంది. దిక్కు మారుస్తూ పోవాలి. నాలుగు వారాలకన్నా ముందే బిగించమని పోరే కస్టమర్లు ఉంటారు. కణతల దగ్గర జుట్టు పలచబడేది ముఖ్యంగా ఈ తొందరవల్లే. బిగించిన రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోతే అది ‘సెట్ అవడం’ కాదు, పాయలు మరీ బిగిశాయని.

బండి నడిపేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. నడినెత్తిన కొప్పు వేస్తే హెల్మెట్ పైకి లేచి పట్టీ వదులవుతుంది, అలాంటి హెల్మెట్ ఉన్నా లేనట్టే. మెడ దగ్గర కిందికి కట్టుకునేంత పొడవు వచ్చేదాకా పెన్సిలు లావుకు మించకుండా చూసుకోండి. ఈతకు వెళ్లేవాళ్లు నీళ్లలో దిగకముందే మంచినీళ్లతో జుట్టు పూర్తిగా తడపాలి. అప్పుడు క్లోరిన్ నీళ్లు తక్కువ పీలుస్తుంది.

మన ఇళ్లలో అలవాటైన కుంకుడురసం, శీకాయ పొడి, కొబ్బరినూనె ఈ జుట్టుకు పడవు. కుంకుడు పిప్పి, శీకాయ నలకలు పాయలో ఇరుక్కుంటే బయటికి రావు. కుంకుడు తప్పదనుకుంటే రసాన్ని పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. నూనె పెడితే సాఫీ జుట్టు జారి ముడి వదులవుతుంది, దుమ్ము కూడా అంటుకుంటుంది. తేనెమైనం రాస్తే పాయ గట్టిపడుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. అది వేన్నీళ్లకు కూడా సరిగా వదలదు, తడిని లోపలే బంధిస్తుంది. ఒకవంతు షాంపూకు మూడువంతుల నీళ్లు కలిపి, మూతికి సన్నకన్నం ఉన్న సీసాతో మాడుకు మాత్రమే పట్టించండి. నురగ పాయల మీదుగా జారితే చాలు. కండిషనర్ వద్దు. కడిగాక కుదుళ్ల దగ్గర పాయలను ఒక్కొక్కటిగా విడదీయాలి. ఈ పని మానేస్తే నాలుగైదు పాయలు కలిసి ఒకే అట్ట కడతాయి.

ఏడాది, ఏడాదిన్నరకు గానీ పాయ గట్టిపడదు. అంత ఓపిక ఉందో లేదో తెలియనివాళ్లు ముందు కృత్రిమ జుట్టుతో చుట్టే ఫో లాక్స్ వేయించుకుని చూడొచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తీసేయాలి. ఆ జుట్టుకు ఉండే పూతవల్ల కొందరికి మాడు మండుతుంది. వేయించుకునే ముందురోజు ఆ కృత్రిమ జుట్టును నీళ్లు కలిపిన యాపిల్ వెనిగర్‌లో నానబెట్టి జాడిస్తే పూత తెల్లటి పొరలా తేలిపోతుంది. ఇప్పటికే బట్టతల మొదలైనవాళ్లు, చుండ్రు, సోరియాసిస్ తగ్గనివాళ్లు, కాన్పు తర్వాత జుట్టు రాలుతున్న తల్లులు ఆగడం మంచిది. పలచబడ్డ కుదురు పాయ బరువు మోయలేదు.

మీ ఆఫీసులో ఈ జుట్టుకు అభ్యంతరం ఉందేమో ముందే అడిగి తెలుసుకోండి. జుట్టు తీరు చూసి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ యాక్ట్ తెచ్చింది, తర్వాత మరికొన్ని అమెరికా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మన దగ్గర అలాంటి చట్టం లేదు.

మరో సంగతి. మన పల్లెల్లో కొన్నిచోట్ల ఆడవాళ్ల జుట్టు జడలు కడితే ఎల్లమ్మ పూనిందని కత్తిరించనివ్వరు. నెలల తరబడి దువ్వక, కడగక, పేలతో అట్టకట్టి మెడను లాగేసే ఆ జుట్టుకూ సెలూన్‌లో వేసే లాక్స్‌కూ పోలిక లేదు. వాటిని తీయించుకుంటే పోయేది మెడనొప్పే.

వేయించుకున్న లాక్స్ ఇక వద్దనుకుంటే గుండు ఒక్కటే దారి కాదు. కింది సగం కత్తిరించి, మిగతాదానికి కండిషనర్ దండిగా పట్టించి, లోహపు దువ్వెన మొనతో చివరనుంచి పైకి విప్పుకుంటూ రావచ్చు. రెండుమూడు రోజుల పని. అప్పుడు గుప్పెళ్లకొద్దీ ఊడిపడే జుట్టు చూసి చాలామంది ఏడుస్తారు. మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు మామూలుగానే రాలతాయి. దువ్వెన తగలని పాయలో అవి చాలావరకు అక్కడే చిక్కుకుని ఉంటాయి. ఏడాదికి 18 వేల పైమాటే. మీ చేతిలోకి వచ్చింది ఆ పాత బాకీ.

– కేశాలంకరణ వృత్తిలో ఉన్న కొందరు, హైదరాబాద్