మార్చిన సినిమాతోపాటు మొదటి సినిమానూ దొరకనివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

పాత సినిమాలను 4కె హంగులతో మళ్లీ థియేటర్లకూ డిస్కులకూ తెస్తున్న ధోరణిని మెచ్చుకుంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బొమ్మ శుభ్రపడితే ఒనగూరే లాభాలను వ్యాసకర్త చక్కగా వివరించారు గానీ, శుభ్రం చేయడం వేరు, మార్చడం వేరు అన్న సంగతిని ఆయన పట్టించుకోలేదు. చెన్నైలోని ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో రంగులు సరిచూసే కలర్ గ్రేడింగ్ పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఆ తేడా గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఉదాహరణకు హాలీవుడ్ దర్శకుడు జార్జ్ లూకాస్ అంతరిక్ష సాహసగాథ 'స్టార్ వార్స్' మొదటి మూడు చిత్రాలను తీసుకుంటాను. ఈ మధ్యనే మా మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని వాటిని డిస్కుల మీద వరుసగా చూశాను. పైగా విడుదలైన తర్వాత ఇన్నిసార్లు చెయ్యి పడిన ప్రసిద్ధ చిత్రాలు నాకు తెలిసి మరి లేవు.

1977లో వచ్చిన మొదటి చిత్రానికి లూకాసే దర్శకుడు. 1980 నాటి రెండో చిత్రాన్ని ఇర్విన్ కెర్ష్‌నర్, 1983 నాటి మూడో చిత్రాన్ని రిచర్డ్ మార్‌క్వాండ్ తీశారు. మూడింటిలో రెండోదే గొప్పదని నా అభిప్రాయం. మూడోదానిలో ఎలుగుబంటి పిల్లల్లాంటి అడవి జీవులు సామ్రాజ్య సైన్యాన్ని రాళ్లతో, దుంగలతో ఓడించడం అప్పుడూ నాకు రుచించలేదు, ఇప్పుడూ రుచించలేదు. మా మనవడికి మాత్రం అదే బాగా నచ్చింది కాబట్టి ఆ వాదన ఇక్కడితో వదిలేస్తాను. బభ్రువాహనుడి కథ వింటూ పెరిగిన మనకు, రెండో చిత్రంలో ఎదురుగా కత్తి పట్టి నిలిచినవాడు తన తండ్రేనని కొడుకు తెలుసుకునే ఘట్టాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. శబ్దాల సంగతి మరీ ముచ్చటైనది. ఈ చిత్రాల్లోని వెలుగు కత్తుల గుంయ్‌మనే మోతను బెన్ బర్ట్ అనే శబ్దగ్రాహకుడు పాత ప్రొజెక్టర్ మోటారు హోరు నుంచి, టీవీ పిక్చర్ ట్యూబు రొద నుంచి తయారుచేశాడు. తుపాకుల చప్పుడు కోసం రేడియో టవరును నిలబెట్టే ఉక్కు తీగను సుత్తితో కొట్టి రికార్డు చేశాడు. ల్యాబు ప్రివ్యూ థియేటర్లో ఏళ్ల తరబడి విని విసుగెత్తిన ప్రొజెక్టర్ మోత అంతరిక్షంలో ఆయుధమై పలుకుతోందంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

అయితే ఇప్పుడు డిస్కులో వస్తున్నది నేను ఒకప్పుడు చూసిన సినిమా కాదు. వడపళనిలోని వీడియో లైబ్రరీల నుంచి అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్లు, చెన్నై ఉక్కపోతకు టేపు మీద తెల్లటి బూజు పట్టి గీతలు పడినా సరే, 1977 నాటి కథనే చూపించేవి. ఆ తరువాత 1997లో 'స్పెషల్ ఎడిషన్' పేరుతో మూడు చిత్రాలనూ మార్చి థియేటర్లలో విడుదల చేశారు. 2004లో డీవీడీ కోసం, 2011లో బ్లూరే కోసం, 2019లో స్ట్రీమింగ్ కోసం మళ్లీ మళ్లీ మార్చారు. బర్మా బజారులో కొన్న డిస్కుకూ, ఆ తరువాత పెద్ద దుకాణంలో బిల్లుతో కొన్న డిస్కుకూ, ఇప్పుడు ఇంటర్నెట్లో వచ్చేదానికీ పోలిక కుదరదు. అట్ట మీద సినిమా పేరు మాత్రం అన్నిటికీ ఒక్కటే.

కొన్ని మార్పులు చిన్నవి. మొదట్లో తెర మీద పైకి పాకుతూ పోయే పసుపు అక్షరాలలో 'ఎపిసోడ్ 4' అన్న మాట 1977లో లేదు, 1981 పునర్విడుదలలో చేర్చారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కొన్ని మాత్రం పాత్రల స్వభావాన్నే మార్చేశాయి. హాన్ సోలో అనే స్మగ్లర్‌ను పట్టుకుపోవడానికి వచ్చిన గ్రీడో మద్యశాలలో అతని ఎదుట కూర్చుని తుపాకీ గురిపెడతాడు. హాన్ కబుర్లు చెబుతూనే బల్ల కిందినుంచి అతన్ని కాల్చి పారేసి, చేసిన రచ్చకు పరిహారంగా ఒక నాణెం విసిరి బయటికి నడుస్తాడు. 1977లో మనం చూసింది ఇది. 1997లో గ్రీడో ముందు కాల్చినట్లు, బల్లకు ఆ పక్కన ఉన్న హాన్‌కు తగలకుండా గురి తప్పినట్లు మార్చారు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చినట్లు సరిచేశారు. 2019లో గ్రీడో నోట ఎవరికీ అర్థంకాని ఒక కొత్త మాట పెట్టారు. హాన్ తన ప్రాణం, తన డబ్బు తప్ప మరేమీ పట్టనివాడని ప్రేక్షకుడు ముందే నమ్మితేనే, చివరి యుద్ధంలో అతను స్నేహితుడి కోసం వెనక్కి తిరిగి రావడం ఉలికిపాటులా తగులుతుంది. ముందే వాణ్ణి మంచివాణ్ణి చేసేశాక వెనక్కి రావడంలో వింతేముంది?

మూడో చిత్రం చివర ప్రతినాయకుడు డార్త్ వేడర్ తన ప్రభువునూ, ఆ ప్రభువు చేతిలో హింస పడుతున్న తన కొడుకునూ మార్చి మార్చి చూస్తాడు. ముఖానికి ముసుగు, నోట మాట లేదు. మెరుపుల వెలుగు ఆ నల్లటి ముసుగు మీద ఆడుతుంటే, లోపలి మనిషి ఏ నిర్ణయానికి వస్తున్నాడో మనమే ఊహించుకుంటాం. 2011లో అక్కడ 'నో' అని అరిపించారు. అంతకుముందు 2004లో, చనిపోయిన వేడర్ ఆత్మగా కనిపించే వృద్ధ నటుడు సెబాస్టియన్ షాను తీసేసి, అతని స్థానంలో తరువాత తీసిన పూర్వకథా చిత్రాలలో అదే పాత్ర వేసిన యువనటుడు హేడెన్ క్రిస్టెన్సెన్‌ను పెట్టారు. ముసుగు తీసినప్పుడు మనం చూసే ముఖం షాదే, కాసేపటికి ఆత్మగా వచ్చేది మరొకరు. షా 1994లోనూ, ఆ చిత్ర దర్శకుడు మార్‌క్వాండ్ 1987లోనూ మరణించారు. వారిని అడిగే అవకాశమే లేదు.

ప్రతి మార్పునూ తప్పుపట్టేవాణ్ణి కాను. రెండో చిత్రంలో మంచు మైదానం మీద ఎగిరే విమానాల కాక్‌పిట్ చట్రాలు పాత ప్రింట్లలో సగం పారదర్శకంగా, వెనకనున్న మంచు కనిపించేలా ఉండేవి. వేర్వేరుగా తీసిన బొమ్మలను ఆప్టికల్ ప్రింటర్ మీద ఒకే ఫిల్ము మీదికి చేర్చేటప్పుడు బొమ్మలో కొంత భాగాన్ని కప్పే మ్యాట్ సరిగ్గా కుదరకపోతే అలాగే అవుతుంది. అది ల్యాబు పనిలో ఉండే లోపం, సరిదిద్దితే సంతోషమే. మొదటి చిత్రంలోని అంతరిక్ష విమానాల చుట్టూ లేత నలుపు చతురస్రాలు కనిపిస్తున్నాయని క్యాసెట్ రోజుల్లో చాలామంది అనేవారు. ఆ చతురస్రాలు నిజంగానే ఫిల్ము మీద ఉన్నాయి. కానీ థియేటర్ ప్రింటు కాంట్రాస్టులో అవి మరీ అంత స్పష్టంగా కనిపించేవి కావు. ఫిల్మును వీడియోలోకి ఎక్కించే టెలిసినీ పనిలో నలుపును కాస్త వెలుగు చేయడంతో అవి బయటపడ్డాయి. తెర మీద దాదాపు దాగిపోయినదాన్ని ఇంటి టీవీ బయటపెట్టింది, నింద మాత్రం ఆ రోజుల్లో ట్రిక్ దృశ్యాల మీద పనిచేసిన కుర్రాళ్ల మీద పడింది.

ఆ కుర్రాళ్లు చేసిన పని ఎలాంటిదో కూడా చెప్పాలి. ఒకదానిమీద ఒకటిగా బొమ్మలు కలిపినప్పుడల్లా గ్రెయిన్, అంటే బొమ్మలో కనిపించే ఇసుకలాంటి నలుసు, పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి వారు అప్పటికే మూలన పడ్డ విస్టావిజన్ కెమెరాలను వెతికి తెచ్చారు. వాటిలో ఫిల్ము అడ్డంగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకు 8 పెర్ఫరేషన్ల (అంచు రంధ్రాల) చోటు దొరికి బొమ్మ పెద్దదవుతుంది. జాన్ డైక్‌స్ట్రా బృందం తయారుచేసిన యంత్రం కెమెరా కదలికను గుర్తుపెట్టుకుని, ప్రతి బొమ్మకూ అదే కదలికను తేడా లేకుండా మళ్లీ నడిపేది. ఆ పనికి, ఆ కూర్పుకు ఆస్కార్లు వచ్చాయి. 1989లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీ మొదటి జాబితాలోని 25 చిత్రాలలో 'స్టార్ వార్స్' మొదటి చిత్రమూ ఒకటి. అంతటి పనిని ఉన్నది ఉన్నట్టుగా, ఇప్పటి నాణ్యతతో కొనుక్కుందామంటే దుకాణంలో దొరకదు. 2006లో ఒక్కసారి పాత రూపాలను డీవీడీలో అదనపు డిస్కుగా ఇచ్చారు గానీ, అది 1993 నాటి లేజర్ డిస్కు మాస్టర్ నుంచి తీసినది. వెడల్పు టీవీకి తగినట్లు కూడా చేయలేదు. పెద్ద తెర మధ్యలో నాలుగు వైపులా నల్లటి అంచులతో చిన్న కిటికీలా కనిపించే ఆ బొమ్మను చూస్తే, ఇచ్చామనిపించుకోవడానికి ఇచ్చారని ఎవరికైనా తెలుస్తుంది.

సరైన ఆధారాలు లేవా అంటే ఉన్నాయి. 1997 విడుదల కోసం మూల నెగటివ్‌ను బాగుచేసి కొత్త కూర్పుకు తగినట్లు మార్చారు. ఆ సమయంలో రంగులు సరిచూసుకోవడానికి టెక్నీకలర్ డై ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో వేసిన పాత ప్రింటును ఆధారంగా పెట్టుకున్నారు. ఆ కాలపు మామూలు కలర్ ప్రింట్లు ఎర్రబారిపోవడం మా ల్యాబు గోదాములలో రోజూ చూసేవాళ్లం. రంగును ఫిల్ము మీద నేరుగా అద్దే ఆ పద్ధతిలోని ప్రింట్లు మాత్రం వన్నె తగ్గవు. అటువంటి 1977 ప్రింటునే 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు ప్రదర్శించారు. కాబట్టి ఇది వీలుకాని కోరిక కాదు.

సినిమా తీసినవాడికి దాన్ని మార్చుకునే హక్కు లేదా అని కొందరు అడుగుతారు. ఉంది, కాదనను. కానీ ఇదే లూకాస్ 1988లో అమెరికా కాంగ్రెస్ ఎదుట, పాత నలుపు తెలుపు చిత్రాలకు రంగులద్దడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. రేపటి సాంకేతికతతో నటుల ముఖాలను తీసి కొత్త ముఖాలు పెట్టగలరని, సంభాషణలు మార్చగలరని, మార్చిన నెగటివే అసలుదిగా చలామణి అవుతుందని ఆయన అప్పుడే హెచ్చరించారు. ఆయన భయపడిన పనులన్నీ ఆయన చిత్రాలలోనే జరిగాయి.

ఈ విషయంలో మనం కొంత నయమే. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులద్దారు. దర్శకుడు కె.వి. రెడ్డి గారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ గారు అప్పటికే లేరు. 'లాహిరి లాహిరి' పాటలో బార్‌ట్లీ కురిపించిన వెన్నెల రంగుల్లో నాకు వెన్నెలలా తోచలేదు. పిల్లలు రంగుల్లో చూసి కేరింతలు కొడితే వద్దనడానికి నేనెవరిని? నలుపు తెలుపు చిత్రాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, ఇప్పటికీ కావలసినవారు చూస్తున్నారు. ఆ చిత్రం రూపుదిద్దుకున్న వాహినీ స్టూడియో ఉన్న వడపళని స్థలంలో ఇప్పుడు మాల్ వెలిసింది. స్టూడియో పోయినా సినిమా మొదటి రూపంలోనే మిగిలింది. నేను అడుగుతున్నది అంతే.

అయినా మన దగ్గర అంతా సవ్యంగా ఉందని మురిసిపోలేం. ఆ రోజుల్లో తెర దాదాపు చదరంగా ఉండేది. ఆ బొమ్మను ఇప్పటి టీవీ వెడల్పుకు సరిపెట్టడానికి పైనా కిందా కోసేసి, 'హెచ్‌డీ' అని పేరు పెట్టి వదులుతున్నారు. కూచిపూడి నాట్యం సాగుతుంటే పాదాలు కనిపించవు, అడుగులు వినిపిస్తాయంతే. కొన్నిటికి మోనో శబ్దాన్ని తీసేసి, కొత్తగా ఉరుములు, గుర్రపు డెక్కలు కలిపి, చుట్టూ స్పీకర్లలో వినిపించే '5.1' శబ్దం అంటున్నారు. సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' వంటి 1991 నాటి సైన్స్ ఫిక్షన్ చిత్రం 2025 ఏప్రిల్‌లో 4కెలో మళ్లీ విడుదలైందంటే ఎంతో సంతోషించాను. అటువంటి చిత్రాలు డిస్కు మీదికి వచ్చేటప్పుడు మొదటి కొలతతో, మొదటి శబ్దంతో కూడిన రూపాన్ని కూడా పక్కన పెట్టాలని నిర్మాతలను కోరుతున్నాను. ఖర్చు పెద్దదేమీ కాదు. స్కాన్ చేసినప్పుడు ఆ బొమ్మ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, కోసేది ఆ తరువాతే.

మీ పత్రికకు నాదొక విన్నపం. పాత చిత్రం కొత్త డిస్కును గానీ, పునర్విడుదలను గానీ సమీక్షించేటప్పుడు, అది మొదట విడుదలైన రూపమా, మార్చినదా, తెర కొలత ఎంత, శబ్దం పాతదా కొత్తదా అన్నవి సమీక్ష చివర ఒక వరుసలో అచ్చువేయించండి. 'స్టార్ వార్స్' మొదటి చిత్రానికి 2027తో యాభై ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా మీరు వేయబోయే ప్రత్యేక వ్యాసంతోనే ఈ పద్ధతిని మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
విశ్రాంత ఫిల్మ్ ల్యాబ్ ఉద్యోగి,
సాలిగ్రామం, చెన్నై