వార్షిక నివేదిక: హనుమకొండలో భైరి డేగల పరిశీలన

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా ఒక్క బిల్డింగ్ చుట్టూనే తిరిగింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. గుడ్లు, పిల్లలు ఎత్తుకెళ్లేవాళ్లకు మనమే దారి చూపొద్దని కార్యవర్గం అనుకుంది. భైరి డేగ (పెరెగ్రిన్ ఫాల్కన్) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్న పక్షి.

భైరి గుడ్లు పెడుతుందని ఆ బిల్డింగ్ సజ్జ మీద మనం పెట్టిన చెక్క ట్రేలో గుడ్లు పడలేదు. ఎందుకని చాలామంది అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాం. చలికాలమంతా నీళ్ల ట్యాంకు అంచున కూర్చున్నది భైరిలో కాలిడస్ అనే వలస రకం. ఛాతీ తెలుపు, పొట్ట మీద సన్నటి అడ్డచారలు, వీపు బూడిద రంగు. సైబీరియా టండ్రాలో పిల్లల్ని చేసి, అక్టోబరులో ఇటు వచ్చి, ఎండలు ముదిరేలోపు పోతుంది. దానికి బంగారు ట్రే పెట్టినా గుడ్డు పెట్టదు. మన దగ్గరే ఉండి పిల్లల్ని చేసేది షాహీన్ అనే ఇంకో భైరి రకం. దాని పొట్ట ఇటుక రంగు, తలా చెంపలూ నల్లటి టోపీ తొడిగినట్టుంటాయి. కొండ చరియల్లో, అప్పుడప్పుడు ఎత్తైన బిల్డింగుల మీద, సెల్ టవర్ల మీద డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య గుడ్లు పెడుతుంది. మనకు జనవరిలో ఒంటరిది ఒకటి కనిపించింది, జత రాలేదు.

ట్రే విషయంలో మన తప్పులూ ఉన్నాయి. భైరి గూడు కట్టదు. కాళ్లతో గులకను గీరి చిన్న గుంట చేసి అందులోనే పెడుతుంది. వట్టి సిమెంటు మీదైతే గుడ్లు దొర్లి పగులుతాయి, వాన నీళ్లలో నానుతాయి. అందుకే 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 6 అంగుళాల అంచున్న చెక్క ట్రే చేసి, అడుగున అర అంగుళం రంధ్రాలు వేశాం. అందులో పోసిందే తప్పు. దొరికిందని క్రషర్ చిప్స్ (మిషన్‌లో పగలగొట్టిన కంకర) పోశాం. అంచులు పదునుగా ఉండి, పక్షి గీరితే ఆ కంకర కదలదు. పైగా కంకర పొడి తడికి గట్టిపడి రంధ్రాలు మూసేసింది, నవంబరు జల్లుకే నీళ్లు నిలిచాయి. కావలసింది బఠాణీ గింజంత నున్నటి వాగు గులక. కడిగి, 3 అంగుళాల మందం పోయాలి. ఈ ట్రేకు సుమారు 65 కిలోలు పడుతుంది. ట్రేను పడమటి సజ్జ మీద పెట్టడం ఇంకో తప్పు. గుడ్డు పొదగడానికి నెల పైన, పిల్ల ఎగరడానికి ఇంకో ఆరు వారాలు. జనవరిలో పెట్టినా మార్చి నెలాఖరు మధ్యాహ్నపు ఎండ పిల్లల మీదే పడుతుంది.

సభ్యులు ఫోన్ చేసి చెప్పిన ‘భైరి గూళ్లు’ అన్నీ గద్దలవే. పుల్ల మోసుకెళ్తూ కనిపించిందంటే అది భైరి కాదు. భైరి ఉందా లేదా తెలుసుకోవడానికి గూళ్ల కోసం వెతకడం కంటే వేట ఆనవాళ్లు చూడటం నమ్మకమైన పద్ధతి. టెర్రస్ మీద దొరికిన పావురం చూడండి, భైరి తిన్న గుర్తులు ఇవే: రెండు రెక్కలూ భుజం ఎముకలతో కలిసే ఉన్నాయి, రొమ్ము ఎముక అంచున ముక్కుతో కొరికిన మూడు మూలల గాట్లున్నాయి, ఈకలు వేళ్లతో సహా పీకి ఉన్నాయి. పిల్లి తింటే ఈక కాడ నమిలి తెగిపోతుంది.

డ్యూటీ నియమాలు మారలేదు. ఎదుటి మిద్దె నుంచి స్కోప్‌తో (దూరదర్శినితో) పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చూడాలి. డ్రోన్ వద్దు. పక్షి అరుస్తూ మీదికి దూకితే మనం దగ్గరికి పోయినట్టే, వెనక్కి రావాలి. సంక్రాంతి పతంగుల కాలం సరిగ్గా భైరి గుడ్ల కాలంతో కలుస్తుంది కాబట్టి పండుగ మూడు రోజులూ, ఆ తర్వాత వారమూ టెర్రస్‌ల మీద తెగిన మాంజా ఏరాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఇంకా దొరుకుతూనే ఉంది.

నేలమీద పడిన పిల్ల ఏదైనా కనిపిస్తే నీళ్లు, తిండి పెట్టొద్దు. రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకట్లో ఉంచి అటవీ శాఖకు చెప్పాలి.

ట్రేను తూర్పు సజ్జకు మార్చి, గులక పోసే పని ఈసారి అక్టోబరులోపే ముగించాలి. ఆలస్యమైతే వచ్చిన జత వేరే చోటు చూసుకుంటుంది. లిఫ్టు టెర్రస్ దాకా రాదు, చివరి అంతస్తు మెట్లే. 65 కిలోలు సగం బకెట్ల చొప్పున మోయడానికి నలుగురు కావాలి. పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు.