బుసాన్‌కు ఒక్క రోజు చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో కొరియా నగరం బుసాన్ గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. సోల్ దాటి మరో కొరియా నగరం గురించి తెలుగు పత్రిక రాయడం సంతోషమే. అయితే సోల్‌లో తెల్లవారుజామున రైలెక్కి రాత్రికి తిరిగి చేరుకునేలా ఒక్క రోజులో ఆరు చోట్లు చూడవచ్చునన్న సలహా పాఠకులను ఇబ్బంది పెడుతుందని, సరిగ్గా అటువంటి ప్రణాళికను నమ్ముకొని ఒకసారి నష్టపోయినవాడిగా మనవి చేస్తున్నాను.

వేగపు రైలులోనే సోల్ నుంచి బుసాన్‌కు సుమారు రెండున్నర గంటలు పడుతుంది కనుక రానుపోను ప్రయాణానికే ఐదు గంటలు పోతాయి. కొన్నేళ్ల కిందట ఒక పర్యాటక సంస్థ బృందంతో నేనూ నా భార్యా అలాగే వెళ్లాం. ఆ రోజు నుంచి మాకు గుర్తున్నది చాలా వరకు బస్సు కిటికీ మాత్రమే. తరువాత సోల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు నాలుగు రాత్రులు బుసాన్‌లోనే బస చేసి, మెట్రోలో, సిటీ బస్సుల్లో తిరిగాం. అప్పుడు గాని ఆ ఊరి అమరిక మాకు అర్థం కాలేదు.

ముప్ఫై లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ రేవు పట్టణం పేరుకు అర్థం ‘కాగు కొండ’. విశాఖను చూసిన మనవారికి కొండా సముద్రమూ కలిసిన ఊరు కొత్త కాదు గాని, బుసాన్‌లో కొండలు ఊరి నడుమకే వచ్చి కూర్చోవడం వల్ల పటంలో పక్కపక్కన కనిపించే పేటల మధ్య కూడా చుట్టూ తిరిగి వెళ్లవలసి వస్తుంది. మీ వ్యాసం వరుసగా చెప్పిన గామ్‌చోన్ పల్లె నగరానికి నైరుతి కొసన ఉంటే, సముద్రపు ఒడ్డున ఉన్న యోంగ్‌గుంగ్‌సా ఆలయం ఈశాన్యపు కొసన ఉంది. బొమొసా ఆలయం ఈ రెంటికీ దూరంగా ఉత్తరాన కొండ మీద ఉంది. కాబట్టి చూడవలసిన చోట్ల పట్టిక కంటే ముందుగా మెట్రో పటాన్ని ఎదుట పెట్టుకొని, ఒకటో లైను మీద ఉన్నవాటిని ఒక రోజుకు, రెండో లైను మీద ఉన్నవాటిని మరో రోజుకు కేటాయించుకుంటే సగం అలసట తప్పుతుంది.

ఒకటో లైను దక్షిణ భాగంలో జగల్చి చేపల బజారు, కొండవాలున రంగురంగుల ఇళ్లు పేర్చినట్టుండే గామ్‌చోన్ ఉన్నాయి. కొరియా యుద్ధకాలంలో, 1950 నుంచి 1953 వరకు, బుసాన్ తాత్కాలిక రాజధానిగా ఉన్నప్పుడు ఉత్తరం నుంచి తరలివచ్చిన శరణార్థులతో కొండవాలు పేటలు నిండిపోయాయి, గామ్‌చోన్ అటువంటిదే. 2009లో మొదలైన కళా పథకంతో అది చూడముచ్చటగా మారింది గాని, ఇప్పటికీ జనం కాపురముంటున్న పేట అది. గుమ్మాల ముందు గుంపుగా నిలబడి ఫొటోలు తీసుకోవడం అక్కడివారికి ఎంత చికాకో మన బృందాలకు ఎవరైనా ముందే చెప్పాలి. రెండో లైను మీద హేఉందే, గ్వాంగన్ సముద్రతీరాలతో పాటు, కొరియా యుద్ధంలో మరణించిన సైనికుల ఐక్యరాజ్యసమితి స్మారక శ్మశానవాటిక కూడా ఉంది. మీ వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు. ఆ యుద్ధానికి మన దేశం పోరాడే దళాలను కాక సైనిక వైద్య దళాన్ని, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను, పంపిందని తెలిసినవారు ఆ పచ్చిక మధ్య ఒక గంట తప్పక గడుపుతారు.

బొమొసాకు ఒక పూట పూర్తిగా కేటాయించాలి. 678లో ఉయిసాంగ్ అనే భిక్షువు స్థాపించిన ఈ ఆలయం పేరులోని మొదటి అక్షరం ‘బ్రహ్మ’ను, రెండవది చేపను సూచిస్తాయి. దివి నుంచి దిగివచ్చిన చేప కొండ శిఖరం మీది బంగారు బావిలో ఈదిందని అక్కడి ఐతిహ్యం. శాకాహారులకు నా ప్రత్యేక సలహా కూడా ఇక్కడే ఉంది: కిమ్చీలో సాధారణంగా చేపల రసమో ఉప్పు రొయ్యలో కలుపుతారు, కూరగాయల పులుసని పిలిచేదాన్ని కూడా తరచుగా ఎండు నెత్తళ్లతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడని బౌద్ధాలయ భోజనం దొరికేలా, ముందుగా నమోదు చేసుకొని బొమొసాలో ఒక రాత్రి బస చేయవచ్చు. బజార్లలో అమ్మే, గింజలూ బెల్లం వంటి తీపీ కూరిన హొత్తోక్ అనే వేడి రొట్టె మా ఆకలిని చాలాసార్లు తీర్చింది.

రోజు మిగిలితే సాసాంగ్ స్టేషన్ నుంచి లైట్ రైలులో పక్కనున్న గిమ్హే పట్టణానికి వెళ్లవచ్చు. క్రీ.శ. 48లో ‘అయుత’ అనే దేశం నుంచి ఓడలో వచ్చి సురో రాజును పెళ్లాడినట్లు 13వ శతాబ్దపు కొరియా గ్రంథం చెప్పే హో రాణి సమాధి అక్కడ ఉంది. అయుత అంటే అయోధ్యేనా అన్న చర్చను చరిత్రకారులకు వదిలేద్దాం. రాణి తనతో తెచ్చిందని చెప్పే రాళ్ల స్తూపం ముందు భారతీయుడు నిలబడినప్పుడు కలిగే ఆసక్తి వేరు.

కాలం విషయంలోనూ వ్యాసం మౌనంగా ఉంది. జూన్ చివరి నుంచి జూలై వరకు వానలు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తుపానుల భయం ఉంటాయి కనుక ఏప్రిల్, మే నెలలు గాని అక్టోబరు గాని మేలు. శరత్కాలంలో వచ్చే కొరియావారి పంటల పండుగ చూసోక్ రోజుల్లో రైలు టికెట్లు దొరకడం కష్టం. ఇక నడక దారులకు గూగుల్ పటాన్ని నమ్ముకోకుండా, కొరియావారు వాడే నేవర్ పటాన్ని ఫోనులో పెట్టుకోవడం మంచిది.

చివరగా ఒక చిన్న సవరణ. మీ పట్టికలో జగల్చిని మంగళవారానికి పెట్టారు. ఆ బజారు ప్రధాన భవనానికి నెలలో మొదటి, మూడో మంగళవారాలు సెలవు. ఇకపై ఇటువంటి వ్యాసాలు ప్రచురించేటప్పుడు ప్రతి చోటు పక్కన దగ్గరి మెట్రో స్టేషన్ పేరు, సెలవు రోజు ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హిందూపురం.