జీఆర్ఈ పదాల శీర్షిక గురించి ఎడిటర్ గారికో మాట

ఎడిటర్ గారికి నమస్కారం అండి. మీ చదువుల పేజీలో అమెరికా లాంటి చోట్ల పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్షకి చదివేవాళ్ళ కోసం రోజూ పది ఇంగ్లీషు పదాలు, పక్కన అర్థం వేస్తున్నారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. ఆపేయమని కాదండోయ్, నా దగ్గర వెర్బల్, అంటే ఆ పరీక్షలో ఇంగ్లీషు భాగం, నేర్చుకునే పిల్లలు చాలామంది పొద్దున్నే దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకుంటున్నారు. నా గొడవల్లా మీరు వేసే పద్ధతితోనే, అది పాత పరీక్షకి సరిపోయేది, ఇప్పటిదానికి కాదు.

అప్పట్లో ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (రెండు మాటల మధ్య సంబంధం లాంటిదే ఇంకో జంటలో పట్టుకోవడం) అని ఉండేవి, ఒక్క మాట ముఖాన పడేసి దీనికి వ్యతిరేకం ఏదో చెప్పు అనేవాళ్ళు, ముందూ వెనకా వాక్యమే ఉండదు, కాబట్టి లిస్టు బట్టీ కొట్టినవాడికి మార్కులు పడేవి. 2011 ఆగస్టులో ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ వాళ్ళు ఆ రెండూ ఎత్తేశారు. ఇప్పుడు ఖాళీలు నింపడమే, ఒకటి టెక్స్ట్ కంప్లీషన్, ఇంకోటి సెంటెన్స్ ఈక్వివలెన్స్, వెర్బల్‌లో మిగతా సగం దాకా ప్యాసేజీలే. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష ఇంకా పొట్టిదైపోయింది, వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, అంటే ప్రశ్నకి నిమిషన్నర, ప్యాసేజీ చదవడం కూడా అందులోనే. పైగా మొదటి 12 ప్రశ్నలు ఎలా చేశామో దాన్ని బట్టే తర్వాతి 15 కష్టంగా వస్తాయా తేలిగ్గా వస్తాయా అనేది, కాబట్టి మొదట్లో తడబడితే అంతే సంగతులు.

ఎక్కడ దెబ్బ తింటున్నారో సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఒకటి చూపిస్తాను. "ఆయన మాట్లాడ్డం మొదలుపెడితే ఆపడు గానీ, రాతలో మాత్రం చాలా ____" అని వాక్యం ఇచ్చారనుకోండి, కింద ఆరు మాటలు, గర్రులస్, లకానిక్, ఇనెప్ట్, లొక్వేషియస్, టర్స్, లూసిడ్. వీటిలో రెండు పట్టుకోవాలి, రెండూ పెట్టినా వాక్యం ఒకే అర్థం ఇవ్వాలి. లిస్టు చదివిన పిల్లాడికి గర్రులస్, లొక్వేషియస్ రెండూ వాగుడుకాయే అని తెలుసు, జంట దొరికిందని టక్కున నొక్కేస్తాడు, మధ్యలో "గానీ" ఉందని చూడడు. ఇంకొకడు ఇనెప్ట్ దగ్గర ఆగిపోతాడు, రాయడం చేతకాదు అని బాగానే అతుకుతుంది మరి, కానీ దానికి జోడీ లేదక్కడ. జవాబు లకానిక్, టర్స్, రెండూ ముక్తసరి అనే. ఒకటి కరెక్టు ఒకటి తప్పు అయితే సగం మార్కు ఇస్తారనుకుంటారు చాలామంది, అదేం లేదు, సున్నానే. (తప్పుకి మైనస్ కూడా లేదు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దని ఒక ముక్క మీ పేజీలో వేస్తే పుణ్యం ఉంటుంది.)

మీ లిస్టులో ఎప్పుడూ నోరు తిరగని మాటలే ఉంటాయి. పిల్లల్ని పడగొట్టేవి తెలిసినట్టుండేవి కూడానండి. క్వాలిఫై అంటే అర్హత అని చిన్నప్పటినుంచీ వింటున్నాం, ప్యాసేజీలో రచయిత తన వాదనని క్వాలిఫై చేశాడంటే అక్కడ దానికి షరతు పెట్టి కాస్త తగ్గించాడని. చెక్ అంటే ఆపడం, టెంపర్ అంటే తీవ్రత తగ్గించడం, ఇవి మీ లిస్టులో కనపడవు, తెలిసిన మాటే కదా అని ఎవడూ చూసుకోడు.

ఇంకొకటి, మీరు ఇవాళ వేసిన మాట మళ్ళీ ఈ జన్మలో వెయ్యరు. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని రాశాడు, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువ జారిపోతుంది, తర్వాత నెమ్మదిగా పోతుంది, మధ్యమధ్యలో ఎడం ఇచ్చి తిరగేస్తే నిలుస్తుంది అని. ఇప్పుడు పిల్లలు వాడే ఫ్లాష్‌కార్డ్ యాప్‌లు చేసేది కూడా ఇదే, మర్చిపోయే టైముకి మళ్ళీ అడుగుతాయి. అర్థం పక్కనే అచ్చేసి ఉంటే చదివి ఓహో అనుకుంటాం, గుర్తు తెచ్చుకునే పని బుర్రకి పడదు.

కాబట్టి నా మనవి ఏంటంటే పది మాటలు వద్దు, ఐదు చాలు. ఒక్కోదానికి ఖాళీ ఉన్న వాక్యం ఇవ్వండి, జవాబు మర్నాడు వెయ్యండి, ఆ ఐదులో రెండు పోయినవారం మాటలు ఉండాలి. ఆదివారం మాత్రం ఒకే అర్థం వైపు వెళ్ళే మాటలన్నీ ఒకచోట పెట్టి, వాటి మధ్య తేడా రెండు లైన్లలో చెప్పండి. చోటు చాలదంటారేమో, ఆ శీర్షిక పైన రోజూ వేసే పుస్తకాల బొమ్మ తీసేస్తే సరిపోతుంది, అది ఎవరూ చూడటం లేదు.

ఇట్లు,
మీ పేపరు రోజూ చదివే ఒక వెర్బల్ టీచర్