పేరు కత్తిరించిన నొప్పి మాత్రలు

సంపాదకుల వారికి నమస్కారం.

మనవడి మొక్కు తీర్చడానికి గత వేసవిలో అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఇంట్లోవాళ్లు బస్సెక్కమన్నా వినకుండా ఆ 3,550 మెట్లూ మళ్లీ దిగాను. మర్నాటికి మోకాళ్లు రెండూ వాచిపోయాయి. మా వీధి చివరి మందుల అంగడిలో సంగతి చెబితే, కౌంటర్లోని కుర్రవాడు షీటులోంచి ఆరు మాత్రలు కత్తిరించి, ‘పొద్దునొకటి, రాత్రికొకటి ఏసుకోండి సార్, తగ్గిపోతాది’ అన్నాడు. నిజంగానే తగ్గింది. తగ్గింది కదా అని మరో రెండుసార్లు తెచ్చుకొని, మొత్తం తొమ్మిది రోజులు మింగాను. పదో రోజు విరేచనం తారులా నల్లగా అయి, కళ్లు తిరిగి కూలబడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు ఏ మాత్ర వాడారని అడిగితే జేబులోని ముక్క తీసి చూపించాను. దాని మీద ‘ఫెనాక్’ అన్న చివరి అక్షరాలే మిగిలాయి. అది డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఎన్ని మిల్లీగ్రాములో, గడువు ఎప్పటివరకో చెప్పే భాగం అంగట్లోనే ఉండిపోయింది. ఎండోస్కోపీలో కడుపులో పుండు బయటపడింది. గుండె కోసం నేను రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ వేసుకుంటాను, ఈ మాత్రలతో అది కలిస్తే కడుపుకు ముప్పు ఎక్కువ. ఆ సంగతి అంగడిలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తప్పులో సగం నాదే.

ఈ మాత్రలు చెడ్డవని నేననడం లేదు. కీళ్లవాతానికి, బెణుకులకు, పంటి నొప్పికి, ఆడవారి నెలసరి నొప్పికి డాక్టర్లు వీటిని రాయడానికి తగిన కారణమే ఉంది. శరీరంలో నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఇవి అడ్డుకుంటాయి. అయితే కడుపు లోపలి పొరను కాపాడేవి, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే వీటిని తక్కువ మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడాలంటారు. వయసు మళ్లినవారికి, పుండు ఉన్నవారికి, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారికి, బీపీ మాత్రలు వాడేవారికి ప్రమాదం ఎక్కువ. చిత్తూరు మండీల్లో మామిడికాయల సీజనులో ఎండలో బుట్టలు మోసే కూలీలు, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలోనే నడుం నొప్పికి ఇవి మింగి మళ్లీ పనిలోకి దిగుతుంటే మూత్రపిండాల మీద ఎంత భారం పడుతుందో ఊహించవచ్చు. వానాకాలంలో డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి పారాసిటమాల్ బదులు ఇదే కోవకు చెందిన ఐబుప్రొఫెన్ ఇవ్వడం ఇంకా ప్రమాదం, రక్తస్రావం పెరగవచ్చు.

డైక్లోఫెనాక్ వంటివి షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. ఇదే కోవకు చెందిన నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడరాదని కేంద్రం 2011లోనే నిషేధించింది. నిబంధనలకు కొదవ లేదు, అమలుకే కొదవ. చీటీ లేకుండా ఒక్క మాత్రా అమ్మకూడదని పట్టుబడితే, డాక్టరు ఫీజు ఇచ్చుకోలేని కూలీకి నష్టమని నాకూ తెలుసు. కనీసం మందు పేరు, మోతాదు, గడువు తేదీ కవరు మీద రాసివ్వాలని, ‘కడుపులో పుండు ఉందా, బీపీ, షుగరు, గుండె మాత్రలు ఏవైనా వేసుకుంటున్నారా’ అని ఒక్కసారి అడగాలని ఔషధ నియంత్రణ అధికారులు ఉమ్మడి జిల్లాలోని అంగళ్లకు ఆదేశించాలని కోరుతున్నాను. మాత్రలు వికటించినవారు 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలియజేయవచ్చన్న సంగతి కూడా ఆ కవరు మీదే అచ్చు వేయిస్తే మంచిది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి