రక్తపరీక్షలో పాజిటివ్ వస్తే కడుపులో పైలోరి బ్యాక్టీరియా ఉన్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

కడుపులో మంట, ఉబ్బరం అంటూ వెళ్తే హెలికోబ్యాక్టర్ పైలోరి (కడుపులో చేరి అల్సర్లు తెప్పించే బ్యాక్టీరియా) ఉందేమో చూద్దామని రక్తపరీక్ష రాయడం, రిపోర్టులో ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) ఎదురుగా పాజిటివ్ అని కనపడగానే 14 రోజుల యాంటీబయాటిక్స్ కోర్సు మొదలుపెట్టేయడం ఇంకా జరుగుతూనే ఉంది. నాకు దీని మీద గట్టి అభ్యంతరమే ఉంది. ఆ పరీక్ష బ్యాక్టీరియాను చూడదు, క్రిములతో పోరాడ్డానికి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది, అవైనా పైలోరి కోసమే తయారయ్యాయన్న గ్యారంటీ లేదు.

ఎలాగంటే, కొన్ని కిట్లలో బ్యాక్టీరియాను మొత్తంగా చితక్కొట్టి తీసిన ప్రొటీన్లను చిన్న చిన్న ప్లాస్టిక్ గుంటల్లో అంటిస్తారు. మన సీరం (రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవం) పోసినప్పుడు వాటికి అతుక్కునే యాంటీబాడీలు ఉంటే చివర్లో రంగు వస్తుంది. అయితే ఆ ప్రొటీన్లన్నీ పైలోరి సొంత ఆస్తి కాదు. తోకలో ఉండే ఫ్లాజెలిన్, హీట్ షాక్ ప్రొటీన్ల లాంటివి వేరే బ్యాక్టీరియాల్లోనూ దాదాపు అదే రూపంలో ఉంటాయి. విరేచనాలు తెప్పించే క్యాంపిలోబ్యాక్టర్ జెజునై సంగతే చూడండి, పైలోరీని కూడా మొదట్లో ఆ జాతిలోనే కలిపేసి 1989లో గానీ విడదీయలేదు. ఎప్పుడో ఆ విరేచనాలు పట్టుకున్న మనిషి రక్తం ఈ గుంటలో పడితే రంగు రావచ్చు. శుద్ధి చేసిన ప్రొటీన్లు వాడే కిట్లలో ఈ గొడవ తక్కువే, కానీ ఏ కిట్ వాడారో రిపోర్టు చూసే పేషెంటుకు ఎలా తెలుస్తుంది?

పోనీ అవి నిజంగా పైలోరి మీద పుట్టిన యాంటీబాడీలే అనుకుందాం. మందులతో బ్యాక్టీరియా పూర్తిగా పోయాక కూడా ఐజీజీ నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి రక్తంలో ఉండిపోతుంది. నయమైందో లేదో చూడ్డానికి మళ్లీ ఇదే పరీక్ష చేయించడం డబ్బు దండగ, పైగా లేనిపోని టెన్షన్.

ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చడానికి యూరియా బ్రెత్ టెస్ట్ (ఊపిరితో చేసేది), మలంలో యాంటిజెన్ టెస్ట్ (బ్యాక్టీరియా ప్రొటీన్లనే వెతికేది) ఉన్నాయి. వీటికి ముందు ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపాలి, లేకపోతే ఉన్న ఇన్ఫెక్షన్ కూడా లేదని రావచ్చు (మాత్రలు ఆపడం మాత్రం డాక్టర్‌తో మాట్లాడాకే). మాత్రలు ఆపలేని పరిస్థితుల్లో, అల్సర్ నుంచి రక్తం కారుతున్నప్పుడు రక్తపరీక్షకూ కొంత విలువ ఉంది, కాదనను.

ల్యాబుల వాళ్లను అడిగేది ఒక్కటే. ఐజీజీ పాజిటివ్ అని వేసిన చోటే, ఇది ప్రస్తుత ఇన్ఫెక్షన్‌కు రుజువు కాదు, బ్రెత్ లేదా స్టూల్ యాంటిజెన్ టెస్టుతో నిర్ధారించుకోవాలి అని ఒక్క లైను, చదవగలిగే సైజులో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు