అడిగిన అంశం మీదే మెయిల్ వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

సొంతంగా స్టాటిక్ సైట్లు (ముందే తయారుచేసి ఉంచిన పేజీలను అలాగే చూపే సైట్లు) నడిపే మీ పాఠకుల కోసం ఈ ఉత్తరం. ఇలాంటి సైట్లలో చాలావాటికి పేజీ అడుగున ఈమెయిల్ అడిగే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో చిరునామా ఇస్తే, ఆ తర్వాత సైటులో ఏది వచ్చినా అందరికీ వెళ్లిపోతుంది. మొక్కల పెంపకం గురించి చదవాలని చేరిన మనిషికి వరసగా ప్రోగ్రామింగ్ వ్యాసాలు వెళ్తే కొందరు అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తారు. ఆ లింకు వెతికే ఓపిక లేనివారు ‘స్పామ్’ నొక్కుతారు. అసలు నష్టం అక్కడే. పంపేవారిపై వచ్చే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ షరతు పెట్టింది. అంటే వెయ్యికి ముగ్గురు. ఆ గీత దాటితే ఇష్టంగా చదివేవారికి వెళ్లే మెయిళ్లు కూడా స్పామ్ ఫోల్డర్లో పడవచ్చు.

వెనకాల సర్వరు ప్రోగ్రాం నడవని ఇలాంటి సైటులో అంశాలవారీగా పంపడం కుదరదనే అపోహ ఉంది. కుదురుతుంది, సగం పని సైటు జనరేటరే (పేజీలను తయారుచేసే సాఫ్ట్‌వేరే) చేసిపెడుతుంది. హ్యూగో అనే జనరేటర్ ప్రతి ట్యాగుకూ (వ్యాసానికి తగిలించే అంశం పేరుకు) విడిగా ఆర్ఎస్ఎస్ ఫీడు, అంటే కొత్త వ్యాసాల వివరాలను వేరే సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఫైలు, దానంతటదే తయారుచేస్తుంది. జెకిల్‌లో అయితే జెకిల్-ఫీడ్ ప్లగిన్‌కు ట్యాగుల ఫీడ్లు కావాలని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో చెప్పాలి. ఫీడులో కొత్త వ్యాసం కనబడితే మెయిల్ పంపే పని మెయిల్‌చింప్, బటన్‌డౌన్ వంటి సేవలు చేస్తాయి. లిస్ట్‌మంక్ అనే మెయిల్ జాబితా సాఫ్ట్‌వేర్‌ను మనమే నడుపుకోవచ్చు గానీ దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, ఎప్పుడూ ఆన్‌లో ఉండే యంత్రం కావాలి. ఆ బాదరబందీ వద్దనుకునే కదా స్టాటిక్ సైటు పెట్టుకున్నది!

సైటులో నలభై ట్యాగులున్నాయని నలభై చెక్‌బాక్సులు పెట్టకండి. మూడు నుంచి ఐదు అంశాలు చాలు. ట్యాగులను సైటులో వెతుక్కోవడానికి వదిలేసి, మెయిల్ కోసం ప్రతి వ్యాసానికీ ఒకే ఒక్క ప్రధాన విభాగం కేటాయించండి. లేకపోతే రెండు ట్యాగులున్న వ్యాసం, రెండూ ఎంచుకున్నవారికి రెండుసార్లు వెళ్తుంది. అంశానికో జాబితా కూడా వద్దు. ఒకే జాబితా ఉంచి, ఎవరికి ఏ అంశం కావాలో గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. విడి జాబితాలైతే ఒకే చిరునామాను రెండుసార్లు లెక్కగట్టి డబ్బు తీసుకునే సేవలున్నాయి.

ఫారంలో జరిగే పొరపాట్లు చిన్నవే గానీ ఖరీదైనవి. సేవ ఇచ్చిన ఏపీఐ కీని (మన ఖాతాను ప్రోగ్రాములు వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాన్ని) పేజీలోని జావాస్క్రిప్టులో రాస్తే, పేజీ సోర్సు తెరిచిన ఎవరికైనా సబ్‌స్క్రైబర్ల జాబితా అప్పగించినట్టే. సేవవాళ్లు ఇచ్చే, పేజీలో అతికించుకునే ఎంబెడ్ ఫారానికి కీ అక్కర్లేదు. అది చాలకపోతే కీని సర్వర్‌లెస్ ఫంక్షన్‌లో (అవసరమైనప్పుడే వేరేవారి యంత్రంలో నడిచే చిన్న ప్రోగ్రాంలో) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే కోడులో రాయకుండా విడిగా దాచే సెట్టింగుగా ఉంచాలి. ఇంకొకటి: టిక్ చేయని చెక్‌బాక్సు సమాచారం ఫారంతో అసలు వెళ్లదు. ఏదీ ఎంచుకోకుండా బటన్ నొక్కినవారు జాబితాలో చేరతారు, వారికి ఒక్క మెయిలూ అందదు. ప్రతి చెక్‌బాక్సుకూ ‘రిక్వైర్డ్’ తగిలిస్తే అన్నీ తప్పనిసరి అయిపోతాయి, కనీసం ఒకటి అని అర్థం రాదు. దానికి నాలుగు లైన్ల స్క్రిప్టు రాయాలి. ముందే టిక్ పెట్టి ఉంచడం మాత్రం ఎంతమాత్రం తగదు. ఐరోపా డేటా రక్షణ చట్టం అలాంటి టిక్కును సమ్మతిగా ఒప్పుకోదు. అంతకంటే మంచి దారి ఉంది: వ్యాసం చివర ‘ఈ అంశం మీద కొత్తవి వస్తే పంపండి’ అన్న ఫారం పెట్టి, ఆ విభాగం పేరును టెంప్లేటు (పేజీ మూస) ద్వారా, చదివేవారికి కనబడని హిడెన్ ఫీల్డులో నింపండి. చదివేవారికి ఎంపికల బాధే ఉండదు.

చేరినవారికి ముందు నిర్ధారణ మెయిల్ పంపాలి. అందులోని లింకు తెరవగానే నిర్ధారణ అయిపోకూడదు, తెరిచిన పేజీలో ఒక బటన్ ఉండాలి. ఎందుకంటే ఆఫీసు మెయిళ్లను తనిఖీ చేసే భద్రతా సాఫ్ట్‌వేర్లు లింకులన్నిటినీ ముందే తెరిచి చూస్తాయి. అన్‌సబ్‌స్క్రైబ్‌కూ ఇదే చిక్కు ఉంది. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ ప్రమాణం అందుకే ఒక్క క్లిక్కు అన్‌సబ్‌స్క్రైబ్‌ను పోస్ట్ పద్ధతిలో, అంటే లింకు ఊరికే తెరిస్తే పనిచేయని విధంగా పెట్టింది. అయితే మెయిల్ యాప్‌లో పైన కనబడే ఆ బటన్ చాలా సేవల్లో మనిషిని జాబితా మొత్తం నుంచి తీసేస్తుంది. ఒక అంశం ఆపాలనుకున్నవారు అన్నీ పోగొట్టుకుంటారు. కాబట్టి మెయిల్ మొదట్లోనే ‘ఈ అంశం ఒక్కటే ఆపండి’ అన్న లింకు కంటికి కనబడేలా ఉండాలి.

మొదటి మెయిల్ పంపేముందు డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మన డొమైన్ తరఫునే వచ్చిందని చూపేవి) పెట్టాలి. ఇదివరకే ఎస్‌పీఎఫ్ ఉంటే రెండోది చేర్చకుండా దాన్నే సవరించండి. రెండు ఉంటే రెండూ చెల్లవు. ఫీడులో బొమ్మల చిరునామాలు పూర్తిగా, డొమైన్‌తో సహా ఉండాలి, లేకుంటే మెయిల్లో ఖాళీ గళ్లే కనబడతాయి. సైటు చిరునామా మార్చే రోజున ఆటోమేటిక్ పంపకం ముందుగా ఆపేయండి. వ్యాసం చిరునామానే గుర్తుగా తీసుకునే ఫీడులో పాత వ్యాసాలన్నీ కొత్తవై మళ్లీ వెళ్లిపోగలవు.

ఫీడులను మెయిల్‌గా పంపిన గూగుల్ సేవ ఫీడ్‌బర్నర్ 2021లో ఈమెయిల్ సబ్‌స్క్రిప్షన్లు ఆపేసినప్పుడు, జాబితా దించుకున్నవారే వేరే సేవకు మారగలిగారు. నెలకోసారి ఆ జాబితాను సీఎస్‌వీ (పట్టిక రూపంలోని) ఫైలుగా దించుకోండి. అందులో చిరునామాతోపాటు ఎంచుకున్న అంశాలు, నిర్ధారించిన తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఆ ఫైలు సైటు ఫోల్డర్లో పెట్టకండి, తర్వాతి బిల్డులో (సైటును మళ్లీ తయారుచేసినప్పుడు) అది కూడా పేజీలతోపాటు బయటికి వెళ్లిపోవచ్చు.

భవదీయులు,
కొందరు వెబ్ డెవలపర్లు